శకటపరీక్షయు టర్బోప్రతిష్ఠయు

ఇంటి ముందర గడ్డివామియు, ఇంటి వెనుక చేపలచెరువును, తండ్రిగారి పేర బ్యాంకులో పంటరుణమును కలిగి, ఇంజనీరింగు పట్టా వచ్చియు ఉద్యోగము రాక, లేదా ఉద్యోగము వచ్చియు మనసు నిలువక, ముదినేపల్లి సెంటరులో సాయంకాలములు గడుపు యువకునకు ఈ కాలమున ఒక కోరిక పుట్టుచున్నది. తక్కువ వెలకు ఒక పాతకారు కొని, దాని సహజరూపమును మార్చి, దానికి టర్బో తగిలించి, గుడివాడ రోడ్డు మీద వాయువేగమున పోవలెననునదే ఆ కోరిక. ఇట్టి సత్సంకల్పమును నిరుత్సాహపఱచు పెద్దలు వీధికి నలుగురున్నారు గాని, చేయిపట్టి నడిపించువాడొక్కడును లేడు. ఆ లోటు తీర్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

టర్బో అననేమో తెలియకయే దానిని ప్రేమించుట ఉత్తమపక్షము. అయినను, టీకొట్టు దగ్గఱ అడిగినవారికి చెప్పుటకై కొంత తెలిసియుండవలెను. ఇంజనునుండి వెలువడి సైలెన్సరుగుండ వృథాగా పోవు వేడిపొగను ఒక చిన్నచక్రము మీదికి మళ్లించినచో అది గిరగిర తిరుగును; అదే ఇరుసునకు రెండవకొసనున్న మఱియొక చక్రము బయటిగాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి కుక్కును; గాలి హెచ్చినకొలది దానికి తగిన ఇంధనమును హెచ్చుగా మండును, బలమును హెచ్చును. ఆల్ఫ్రెడ్ బ్యూకీ అను స్విట్జర్లాండు ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందెను. నిమిషమునకు లక్షచుట్లు మించి తిరుగు ఈ చక్రము, పొగను సైతము పాఱవేయరాదను పొదుపుబుద్ధినుండి పుట్టినది. దానిని ఇల్లు గుల్లచేయు సాధనముగా వృద్ధిచేసిన ఘనత మాత్రము నిస్సంశయముగా యువజనులదే.

కారును ఎన్నుకొనునప్పుడు మొదటి నియమము, కంపెనీవారే టర్బో అమర్చి ఇచ్చిన బండి జోలికి పోరాదనుట. పాత స్విఫ్టు డీజిలు బండ్లు మన ప్రాంతమున కొల్లలుగా అమ్మకమునకు వచ్చును. వాని 1248 సీసీ ఇంజనునకు పుట్టుకతోనే టర్బో కలదు. కాని అందులో మనము చేయుటకేమి మిగిలినది? పిస్టను ఎంత వేడికి ఓర్చునో, నూనె ఎంత వేగమున పాఱవలెనో లెక్కలు కట్టి ఎవరో అమర్చిపెట్టిన టర్బో అది. తాళము తిప్పినచో కదలును, అనుకొన్న చోటికి చేరును; ఇందు సాహసమేది? కొల్లేటిప్రాంతపు చేపలను ఐసులో పేర్చుకొని కలకత్తాకు పోవు లారీకిని టర్బో కలదు. దానిని గూర్చి ఆ డ్రైవరు ఏనాడైన గొప్పలు చెప్పుకొనెనా?

కనుక టర్బోను కలనైనను ఎఱుగని బండి మనకు కావలెను. ఈ పరీక్షలో అగ్రస్థానమున నిలుచునది మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 ఆరంభమున తయారీ నిలిచిపోయిన ఈ చిన్నబండి, మూడు సిలిండర్లతో, 796 సీసీల ఇంజనుతో, కార్బొరేటరు ఉన్న రోజులలో నలుబది గుఱ్ఱముల బలమైనను లేకయే, ఒక తరము వడ్లవ్యాపారులను, కాలేజి లెక్చరర్లను, పెండ్లికూతుండ్రను మోసినది. దీని సుగుణమేమనగా, ఇది చెడినను ఎవరును ఏడువరు. విడిభాగములు గుడివాడలో దొరకును. అక్కడ లేనివి విజయవాడ ఆటోనగరులో దొరకును. ఇంజనే పగిలినచో తుక్కులో మఱియొకటి దొరకును. చెరువుగట్టు బురదలో దిగబడినప్పుడు పదిమంది పట్టినచో పైకి వచ్చును. పెద్దకార్లకు ఈ సౌలభ్యము లేదు.

ఈ 800 ఇంజనుతోనే కోయంబత్తూరులో కరివర్ధన్ అను ఆయన ‘ఫార్ములా మారుతి’ అను పందెపుబండ్లను నిర్మించిన మాట నిజము. భారతదేశమునుండి ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటివాడైన నరేన్ కార్తికేయన్ తొలుత చేయి తిరిగినది అట్టి బండ్ల మీదనే. కాని ఆ కరివర్ధన్ బలము కొఱకు ప్రాకులాడక, పైకప్పును, తలుపులను, పక్కసీటును తొలగించి, బరువు తగ్గించెను. పందెమునకై వేఱుగ కట్టిన బాట మీద, శిరస్త్రాణము పెట్టించి, కుఱ్ఱవాండ్రకు నడుపుట నేర్పించెను. ఇదంతయు కోచింగు సెంటరు పద్ధతి. ఎంసెట్టు నాటికే మనము దానితో విసిగియున్నాము. అట్లే, ఎస్టీము కారులోని 1298 సీసీ ఇంజనును 800లో ఇరికించినచో టర్బో లేకయే బలము ఇంచుమించు రెట్టింపగునని కొందఱు మేస్త్రీలు చెప్పుదురు. కావచ్చును. కాని ‘టర్బో’ అను మాట నోట పలుకుటకు వీలులేని విజయమును ఎవరికి చెప్పుకొందుము? ఇక పద్మిని, అంబాసిడరు అనువానిని తాతగారి తరమునకే వదలుడు.

కొనుటకు పోయినప్పుడు, ఇది డాక్టరుగారు వాడిన బండియని అమ్మువాడు తప్పక చెప్పును. మన డెల్టాలో పాతకార్లన్నియు డాక్టర్లవే. తక్కిన వృత్తులవారు నడచియే తిరిగిరి కాబోలు. నమ్ముడు. ఇంజను చల్లగానున్న వేళ స్టార్టు చేసి నీలిపొగ వచ్చుచున్నదేమో చూచుట, కంప్రెషను కొలిపించుట, చాసిస్ నంబరును ఆర్సీతో పోల్చుకొనుట, ఇవి అనుమానస్థుల పనులు. నీలిపొగ నూనె మండుచున్నదనుటకు గుర్తనియు, అట్టి ముసలి ఇంజనుపై టర్బో పెట్టుట ఆయాసపురోగి చేత తాటిచెట్టు ఎక్కించుటయేననియు చెప్పు మేస్త్రీ షెడ్డు వైపు తల త్రిప్పకుడు. బందరు ఉప్పుగాలికి అడుగురేకు తుప్పుపట్టి చిల్లులు పడినచో చింతిల్లవలదు; ఆ చిల్లులగుండ రోడ్డు కనబడుటచేత వేగము చక్కగ తెలియును.

టర్బోను ఆటోనగరు తుక్కుకొట్లలో, ఏదో నుజ్జయిన డీజిలుబండినుండి విప్పినదానిని తెచ్చుకొనుడు. అది మీ ఇంజను కొలతకు తగునా అను ప్రశ్న వేసికొనకుడు. మరీ పెద్దదైనచో దానిని త్రిప్పుటకు మీ మూడు సిలిండర్ల పొగ చాలదు. యాక్సిలరేటరు తొక్కిన చాలసేపటికి గాని దానికి మెలకువ రాదు. ఆ నిరీక్షణలోను ఒక మాధుర్యము కలదు. గాలిని అదిమినకొలది అది వేడెక్కును. వేడెక్కిన గాలిలో పెట్రోలు స్పార్కు కొఱకు వేచియుండక తనంతట తానే పేలును. సుత్తితో కొట్టిన చప్పుడు వినవచ్చును. కొంతకాలమునకు పిస్టను తలకు చిల్లు పడును. ఇందులకే కంపెనీలవారు కంప్రెషన్ నిష్పత్తిని తగ్గించి, పిస్టన్లను దృఢపఱచి, గాలిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు పెట్టుదురు. రోహిణీకార్తెలో మన ఊరిగాలి ఎట్టిదో ఎఱిగినవారు, ఆ కూలరు దేనితో దేనిని చల్లార్చునని నవ్వుకొని, దానిని మానివేయవచ్చును.

అమెరికాలో 1962లో టర్బోతో అమ్మకమునకు వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అను కారునకు, ఈ పేలుడును అణచుటకై నీరును మిథనాలును కలిపిన ద్రవమునకు ప్రత్యేకముగ ఒక తొట్టి పెట్టిరి. అది నింపుట యజమానులకు జ్ఞాపకముండెడిది కాదు. తొట్టి ఎండినంతనే బండి ఉత్సాహమును ఎండెడిది. రెండేండ్లకే ఆ నమూనా అంతరించెను. అంతటి కంపెనీ తప్పినచోట మనము నెగ్గుదుమను ధీమా మీకుండవలెను. ఇంకొక సూక్ష్మము: ఇల్లు చేరగానే ఇంజనును తటాలున ఆపివేయుడు. ఎఱ్ఱగా కాగిన టర్బోకు నూనె ప్రవాహము ఆగి, మిగిలిన నూనె మాడి బొగ్గయి, ఇరుసును పట్టివేయును. ఒకింతసేపు వట్టిగా తిరుగనిచ్చి ఆపుట లారీవాండ్ర అలవాటు.

బ్రేకులకు, టైర్లకు సొమ్ము వ్యయపఱచుట శుద్ధ దండుగ. బలము పెంచుకొన్నది ఆగుటకు కాదు గదా. పండ్రెండంగుళముల చక్రములతో, ఒక ప్రక్క కాలువయు ఒక ప్రక్క చెరువును గల గట్టురోడ్డుమీద, మలుపున గేదెలమంద ఎదురైనప్పుడు బ్రేకు కంటె హారను మేలు. మన రోడ్ల క్రింద నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుచుండగా, దాని మీద తారును దమ్ముచక్రముల ట్రాక్టర్లు దున్నుచుండును. కోతలకాలమున మిగిలిన సగము రోడ్డుపై ధాన్యము ఆరబోసియుండును. ఇన్ని అవరోధముల నడుమ టర్బో మేల్కొనుటకు చాలినంత తిన్నని బాట కావలెనన్నచో, దివిసీమకు పోయి పులిగడ్డ దగ్గఱ కృష్ణమీది వంతెన ఎక్కవలెను. కాలువలో పడుట తటస్థించినచో ఇది గుర్తుంచుకొనుడు: టర్బో గాలిని అదుమగలదు గాని నీటిని అదుమజాలదు.

చట్టము మాట కొంత కలదు. మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన స్వరూపమును యజమాని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా చెప్పెను. అదే యేట వచ్చిన సవరణ, మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాయో, ఆరునెలల వఱకు కారాగారమో, రెండునో విధింపవచ్చుననెను. ముదినేపల్లినే 2022లో కృష్ణాజిల్లానుండి విప్పి ఏలూరుజిల్లాకు బిగించిరి. దానికి ఏ జరిమానాయు లేదని మీరు వాదింపవచ్చును గాని, బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు చరిత్ర చర్చించుటకు రోడ్డుమీద నిలుచుండరు. ప్రమాదము జరిగినపుడు బీమాకంపెనీవారు మాత్రము మీ టర్బోను అమితశ్రద్ధతో పరిశీలింతురు. అంతటి రసజ్ఞత మీ స్నేహితులలో కానరాదు.

తుదకు ఏదో ఒక ఉదయమున ఇంజను పట్టివేయును. అప్పుడు దమ్ము ట్రాక్టరుకు తాడు కట్టించి షెడ్డుకు ఈడ్పించి, బండిని తూకమునకు అమ్మివేయుడు. తండ్రిగారు “ఎంత పెట్టితివిరా?” అని అడిగినచో, కొన్నవెల మాత్రమే చెప్పుడు. టర్బోను మాత్రము అమ్మకుడు. కిరసనాయిలుతో కడిగి, గోనెసంచిలో చుట్టి, ధాన్యపుకొట్టులో దాచుడు. తమ్మునికి వచ్చు సంవత్సరము ఇంటర్మీడియటు పూర్తియగును.