రజ్జుశాస్త్రం: మోటారు కాండ

తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అని అద్వైతులు తేల్చేశారు. వారి కాలంలో కరెంటు మోటార్లు లేవు కాబట్టి ఆ సిద్ధాంతం చెల్లింది. నైలాన్ తాడు బాగా సాగుతుంది. మోటారు లాగుతుండగా తెగిందా, సాగినంతసేపూ దాచుకున్న బలమంతా ఒక్క విసురులో వెనక్కి కక్కుతుంది. ఇక్కడ సర్పమే సత్యం, తాడే మిథ్య.

పలుపు, పగ్గం, చేంతాడు, మోకు అని పనికో పేరు పెట్టిన జాతి మనది. కొట్టుకెళ్లేసరికి మాత్రం ప్రతి ప్లాస్టిక్ తాడూ 'నైలానే'. ఈ అజ్ఞానానికి జలపరీక్ష విధించడమైనది. ముక్క కోసి బకెట్లో వేయండి. తేలితే అది నైలాన్ కాదు, చాలావరకు పాలీప్రొపిలీన్. (కొట్టువాడి ముందు వేయకండి, బేరం చెడుతుంది.)

మా బోరు మోటారు పైకి తీసిన రోజు నేనీ పరీక్ష చేయలేదు. మేస్త్రీ తిరిగే డ్రమ్ముకు పసుపు తాడు మూడు చుట్లు వేసి, కొస కుర్రాడి చేతికిచ్చాడు. చుట్టు పెరిగేకొద్దీ పట్టు హెచ్చవేతల్లో పెరుగుతుంది, అందుకే అంత బరువునూ ఆ బక్కప్రాణి ఆపగలిగాడు. అయితే లోపల పైపు ఎక్కడో పట్టేసింది. తాడు కదలదు, డ్రమ్ము ఆగదు.

"అన్నా, ఏదో కాల్తున్న వాసనొస్తోంది."

"కొత్త తాడు కదరా, అట్లనే ఉంటది."

ఆపి చూస్తే డ్రమ్ముకు ఆనిన వైపు పోగులన్నీ కరిగి, పాకం పట్టినట్టు నున్నగా మెరుస్తున్నాయి. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దరిదాపుల్లోనే కరిగిపోతుంది మరి.

కనుక నిర్ణయం: ఇలా రాపిడితో లాగే డ్రమ్ముకు పాలియెస్టర్ తాడు. తక్కువ సాగుతుంది, 250 డిగ్రీల దాకా కరగదు. తాడును తనమీదే చుట్టుకునే యంత్రానికైతే ఇనపతాడు. 1834లో జర్మనీ హార్జ్ కొండల గనుల్లో విల్హెల్మ్ ఆల్బర్ట్ ఇనపతీగలు పేని దాన్ని తయారుచేశాడు, ఈ శాస్త్రానికి ఆయనే ఋషి. తీగలు తెగి ముళ్లలా లేచిన తాడును మాత్రం ఋషి చేసినదైనా వాడకూడదు. ముడి వేసినచోట తాడు బలం దాదాపు సగం పోతుంది. మూడుముళ్ల మహిమ పెళ్లికే పరిమితం.

మర్నాడు ఇనపతాడుతో మోటారు పైకొచ్చింది. పసుపు తాడు మా మేడమీద ఉంది, బట్టలారేయడానికి దాన్ని మించింది లేదు.