బీఈడీ కాలేజీ ఎదురు జిరాక్స్ షాపు సలహాలు

రా తమ్ముడూ, కూర్చో. ఆ స్టూలు కాలు ఊగుతుంది, గోడకి ఆనించుకో. ఎడ్‌సెట్ ర్యాంకు కార్డు తెచ్చావా? నాలుగు కాపీలు ఏమూలకీ రావు, పది తీస్తాను. కౌన్సెలింగ్ మొదలు అపాయింట్‌మెంట్ ఆర్డర్ దాకా నిన్నెవడూ నమ్మడు, కాగితాల్నే నమ్ముతారు. పదేళ్ళకి పైగా ఈ కాలేజీ గేటుకి ఎదురుగా షాపు నడుపుతున్నాను. నేనూ బీఈడీనే. టీచర్ని కాలేకపోయాను గానీ, టీచర్లని తయారు చేయడంలో లోపలున్న లెక్చరర్ల చెయ్యి కంటే నా చెయ్యే పెద్దది. జిరాక్సుకే డబ్బులు, సలహాలు ఉచితం.

ముందు కాలేజీ సంగతి. అమాయకులు లైబ్రరీ ఉందా, లెక్చరర్లు ఉన్నారా, పక్కన మంచి హైస్కూలు ఉందా అని ఆరా తీస్తారు. నువ్వు అడగాల్సింది ఒక్కటే: రావాలా, అక్కర్లేదా? అక్కర్లేదంటే అది మంచి కాలేజీ. మా రోజుల్లో బీఈడీ ఏడాదితో అయిపోయేది. టీచర్ ట్రైనింగ్‌కి రూల్సు పెట్టే ఎన్‌సీటీఈ వాళ్ళు 2014లో కొత్త నిబంధనలు తెచ్చి రెండేళ్ళు చేశారు. క్లాసులకి 80 శాతం, స్కూలు ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలట. ఆ ఇంటర్న్‌షిప్ కూడా 20 వారాలట. అంటే ఏంటి? ఏడాదిపాటు కాలేజీకి రాకుండా ఉండేవాడు ఇప్పుడు రెండేళ్ళు రాకుండా ఉండాలి. శ్రమ రెట్టింపయింది.

కొందరికి ఇది కంటగింపుగా ఉంది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఈ కాలేజీల గుట్టు విప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఆ కమిషన్ పేరు చెప్పి, దేశంలో విడిగా నడిచే పదివేలకు పైగా ట్రైనింగ్ సంస్థల్లో ఎక్కువ భాగం చదువు చెప్పే ప్రయత్నమే చెయ్యడం లేదని, డిగ్రీలు అమ్ముకుంటున్నాయని అచ్చులో రాసింది. అమ్మితే తప్పేంటి? నేను చార్టులు అమ్మడం లేదూ? 2030కల్లా ఇంటర్ తర్వాత నాలుగేళ్ళు ఒక్కచోటే చదివే బీఈడీయే కనీస అర్హత అవుతుందని కూడా అంటున్నారు. మైసూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్‌లో అది 1960ల నుంచీ ఉంది. సబ్జెక్టూ, దాన్ని చెప్పే పద్ధతీ కలిపే నేర్పుతారు. మా ఊరివాడొకడు అక్కడ చదివొచ్చాడు. ఎప్పుడు కలిసినా, ఏడో తరగతి పిల్ల భిన్నాల్లో ఏ తప్పు ఎందుకు చేస్తుందో చెబుతుంటాడు. నోటిఫికేషన్ ఎప్పుడు, కటాఫ్ ఎంత అనే మాటే ఉండదు. వాడితో కబుర్లు మానేశాను.

ఇక రికార్డులు. బీఈడీ ప్రాణమంతా వీటిలోనే ఉంది, జాగ్రత్తగా విను. అదిగో, ఆ పై అరలో ఉన్నవి జీవశాస్త్రం, కిందవి గణితం, తలుపు దగ్గరవి సాంఘికం. ఒక్కో లెసన్ ప్లాన్‌లో గడులు ఉంటాయి: బోధనాంశం, స్పష్టీకరణలు, ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, నల్లబల్ల పని, మూల్యాంకనం. విద్యార్థి కృత్యం అన్న గడి చూసి కంగారు పడకు. అక్కడ 'విద్యార్థులు శ్రద్ధగా విందురు' అని రాయాలి. కింద గడిలో 'విద్యార్థులు గమనింతురు'. ఆ కింద మళ్ళీ 'శ్రద్ధగా విందురు'. ఈ మూడు వాక్యాలతో కొన్ని వందలమందిని పాస్ చేయించాను. పోయినేడు ఒకమ్మాయి ఆ గడిలో 'ఒకరు కిటికీలోంచి కోతిని చూసెదరు, అందరూ అటు తిరిగెదరు' అని నిజం రాసింది. రికార్డు తిప్పి కొట్టారు. నిజం రాస్తే తిరిగి రాయాలి, అబద్ధమైతే ఒక్కసారే రాయాలి. టైమ్ ఎటు కలిసొస్తుందో నువ్వే చూసుకో.

లక్ష్యాల దగ్గర కూడా అంతే. బ్లూమ్ అనే ఆయన 1956లో తన బృందంతో ఒక వర్గీకరణ అచ్చేశాడు. పిల్లాడి బుర్ర గుర్తుంచుకోవడం దగ్గర మొదలై, అర్థం చేసుకుని, వాడుకుని, విడదీసి, మంచిచెడ్డలు తేల్చేదాకా ఎలా ఎక్కుతుందో చూపించే మెట్లు అవి. మన రికార్డుల్లో మెట్లుండవు, రబ్బరు స్టాంపు ఉంటుంది. 'విద్యార్థి జ్ఞప్తికి తెచ్చుకొనును, గుర్తించును, తేడాలు తెలుపును.' పాఠం కిరణజన్య సంయోగక్రియ అయినా, కాకతీయులైనా, అదే గుద్దు.

మైక్రో టీచింగ్ మీద నా అభిప్రాయం చెబితే నవ్వుతావు. స్టాన్‌ఫర్డ్‌లో 1960ల మొదట్లో పుట్టిందది. ఒక్క నైపుణ్యం పట్టుకుని, నలుగురైదుగురు పిల్లలకి ఐదారు నిమిషాలు చెప్పి, ఎక్కడ తడబడ్డావో చూసుకుని, మళ్ళీ చెప్పాలి. మా బ్యాచ్‌లో పిల్లలుగా కూర్చున్నది మేమే. ముప్పై ఏళ్ళ మనిషి, ఇంట్లో ఇద్దరు పిల్లల తండ్రి, ఆరో తరగతి బాబులా చేతులు కట్టుకుని 'నాకు తెలుసండీ' అని లేచి నిలబడ్డాడు. మేం అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు వచ్చాయి. 'పునర్బలనం' కోసం 'వెరీ గుడ్' అని పదకొండుసార్లు అన్నాను. మళ్ళీ చెప్పడం అనే మెట్టు మాత్రం వదిలేశాం, క్యాంటీన్ మూసేస్తారని. నువ్వూ వదిలెయ్. అసలు పిల్లల్ని పిలిస్తే జవాబులు తప్పు చెబుతారు, నీ నైపుణ్యం బయటపడదు.

ప్రాక్టీస్ టీచింగ్ తప్పించుకోలేకపోతే ఒక్క రోజు వెళ్ళు. నేను వెళ్ళాను, చెబుతా విను. హైస్కూల్లో ఏడో తరగతి. నాకంటే ముందు ఇద్దరు ట్రైనీలు అదే పాఠం చెప్పి వెళ్ళారు. థర్మోకోల్ మీద ఆకుపచ్చ చమ్కీలతో ఆకు చేసి తీసుకెళ్ళాను, రెండు రాత్రుల పని. 'పిల్లలూ, మనకి ఆకలేస్తే ఏం చేస్తాం?' అని మొదలుపెట్టానో లేదో, ముందు బెంచీ అంతా ఒక్క గొంతుతో 'కిరణజన్య సంయోగక్రియ సార్!' అంది. వాళ్ళకి నా లెసన్ ప్లాన్ నాకంటే బాగా వచ్చు. ఒకడైతే, 'ఎగ్జామినర్ సారొచ్చిన రోజు సూర్యకాంతి అని చెప్పేది నేనే కద్సార్?' అని ఖాయం చేసుకున్నాడు.

అంతా సవ్యంగా సాగుతుంటే మూడో వరసలోంచి ఒక పిల్ల లేచింది. నూనె రాసి బిగించిన రెండు జడలు, మోచేతి మీద సిరా మరక. 'సార్, ఆకు పచ్చగా ఉండబట్టే అన్నం వండుకుంటుందన్నారుగా. మా వాకిట్లో క్రోటన్ మొక్క ఆకులు ఎర్రగా ఉంటాయి. అది ఏం తింటుంది?' నేను ప్లాన్ వైపు చూశాను. ఆ ప్రశ్నకి గడి లేదు. నా డిగ్రీ బాటనీలోనే, అయినా ఆ క్షణాన ఏదీ తట్టలేదు. ఎరుపు చాటున పచ్చదనం కూడా ఉంటుందని, పైనున్న రంగు దాన్ని కప్పేస్తుందని తర్వాత గుర్తొచ్చింది. అప్పటికి మాత్రం 'వెరీ గుడ్, కూర్చో' అన్నాను. కూర్చుంది. గంట కొట్టారు. అలాంటి పిల్ల నీ క్లాసులో ఉంటే ముందే కనిపెట్టి డస్టర్ తెమ్మని స్టాఫ్ రూముకి పంపించు.

ఫైనల్ లెసన్‌కి నలభైకి ముప్పై ఎనిమిది వేశారు. రెండు మార్కులు చమ్కీలు రాలినందుకు.

సైకాలజీకి వద్దాం. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులు, 150 నిమిషాలు. ఓసీకి 90, బీసీకి 75, ఎస్సీ ఎస్టీలకి 60 వస్తే పాస్. అందులో 30 మార్కులు శిశు వికాసానివే. పేరు చూసి శిశువుల దగ్గరికి పరిగెత్తకు. అక్కడ ఉన్నవన్నీ జంతువులు. చొంగ కార్చే కుక్క పావ్లోవ్‌ది, పెట్టె తలుపు తీసుకునే పిల్లి థార్న్‌డైక్‌ది, మీట నొక్కే ఎలుక స్కిన్నర్‌ది, కర్రకి కర్ర జోడించి అరటిపండు లాక్కున్న చింపాంజీ సుల్తాన్ కోహ్లర్‌ది. ఏ జంతువు ఎవరిదో జత కలపడం వస్తే చాలు. పియాజె మాత్రం తేడా మనిషి. తన ముగ్గురు పిల్లల పక్కన కూర్చుని, ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి ఏం చేస్తున్నారో రాసుకుంటూ పోయాడు. అంత తీరిక మనకెక్కడిది? దశలు, వయసులు బట్టీ పట్టు: రెండు, ఏడు, పదకొండు. ఫోన్ నంబరు కంటే చిన్నది.

టెట్ పెట్టింది ఎందుకంటే, విద్యాహక్కు చట్టం వచ్చాక 2010లో ఎన్‌సీటీఈ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్ళకి అది తప్పనిసరి చేసింది. పాసయితే చెప్పడానికి అర్హుడివి అన్నమాట, అంతే. ఉద్యోగం వేరే. మనవాళ్ళు దాన్ని ఉద్యోగాలకి పెట్టే డీఎస్సీ పరీక్షలో 20 శాతం వెయిటేజీగా కలిపారు కాబట్టి, పాసైనవాడు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ మళ్ళీ రాస్తాడు. ఒకప్పుడు ఏడేళ్ళకి గడువు తీరేది, 2021లో జీవితాంతం చెల్లుతుందన్నారు. అది తెలిసిన రోజు నాకు దుఃఖమొచ్చింది. ఏడేళ్ళకోసారి రావాల్సిన గిరాకీ.

డీఎస్సీకి చదవడం అంటే ఓపిక పట్టడం. మా ఆంధ్రాలో 2018 తర్వాత మళ్ళీ నియామకాలు జరిగింది 2025లోనే. మధ్యలో, 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి వచ్చిన నోటిఫికేషన్ ఎన్నికల తర్వాత రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, వయోపరిమితి 44కి పెంచారు. కాబట్టి తొందరేం లేదు. ఇంట్లో పెళ్ళి మాటెత్తితే 'నోటిఫికేషన్ పడనీ' అను. అవనిగడ్డ వెళ్ళి గది తీసుకో, ఊరు ఊరంతా బిట్లే చదువుతుంటుంది, నిద్రలో కూడా ఆప్షన్లు వినపడతాయి. ఒక్కటి మాత్రం చెయ్యకు: ఖాళీగా ఉన్నాం కదా అని పక్క ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళకు. పిల్లలు అలవాటైతే చదువు పాడవుతుంది. నేను వెళ్ళకుండా నిష్ఠగా గదిలోనే కూర్చున్నాను. 160 బిట్లు, బిట్టుకి అర మార్కు. సరిగ్గా ఆ అర మార్కు దగ్గరే పోయింది నాది. బిట్టు క్రోటన్ మీద కాదులే, భయపడకు.

చిన్న తరగతులకి చెప్పే ఎస్‌జీటీ పోస్టు మీద ఆశ పెట్టుకోకు. 2018లో ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్ళకీ దారి తెరిచింది, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు మూసేసింది. చిన్నపిల్లలకి చెప్పడం వేరే విద్య, దానికి డీఈడీ వాళ్ళే తగుదురంది. అ ఆలు దిద్దించడంలో విద్యేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆగు, గిరాకీ వచ్చింది. రండి టీచర్ గారూ, రండి.

మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పింది ఈవిడే, తమ్ముడూ. చింతపిక్కలు నాలుగేసి చొప్పున వరసలు పేర్పించేవారు. పక్కనుంచి చూస్తే నాలుగు మూళ్ళు, ముందునుంచి చూస్తే మూడు నాలుగులు. ఇప్పుడు యాభై నాలుగేళ్ళు, సర్వీసు ఇంకా ఎనిమిదేళ్ళుంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఐదేళ్ళకి మించి సర్వీసు మిగిలినవాళ్ళు పాతవాళ్ళైనా సరే రెండేళ్ళలో టెట్ పాసవ్వాల్సిందేనంది. అందుకే బిట్ బ్యాంకు కోసం వచ్చారు.

"ఒరే అబ్బాయ్, ఈ పదిలపరచుకొనే భావన ఏంట్రా?" అన్నారు, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని.

వెడల్పు గ్లాసులో నీళ్ళు పొడుగు గ్లాసులో పోస్తే చిన్నపిల్లలు ఎక్కువయ్యాయంటారు, పెద్దయ్యాక అన్నే అని తెలుసుకుంటారు అని చెప్పాను.

"ఓస్, ఇదా! రాగిజావ పోసేటప్పుడు రోజూ చూసేదేగా. సన్న గ్లాసువాడికి ఎక్కువొచ్చిందని ఒకటో తరగతిలో ఏడుపులు. రెండో తరగతి దాటేసరికి ఆ గొడవే ఉండదు."

"అదంతా వద్దండీ. మూర్త ప్రచాలక దశ. ఏడేళ్ళు. ఆప్షన్ బి."

"ఏడనేం లేదురా. మొన్న ఆరేళ్ళది ఒకత్తి, పక్కవాడి జావ తన గ్లాసులో పోసి, మళ్ళీ వాడి గ్లాసులో పోసి చూపించి, ఏడుపు ఆపించింది."

"దానికి తెలియకూడదు టీచర్ గారూ. పుస్తకంలో ఏడుంది."

కాసేపు నా వంక చూశారు. తర్వాత బ్యాగులోంచి పిల్లల నోట్సులు దిద్దే ఎర్ర పెన్ను తీసి, బిట్ బ్యాంకు మార్జిన్లో '7' అని రాసుకున్నారు.