నారికురుపు ఎరగని నీళ్లు

ఇప్పటి పిల్లలకు నారికురుపంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడం మంచిదే. దాంతోపాటు నీళ్లంటే భయం కూడా పోయింది, నా బాధ అదీ.

మా లాల్‌దర్వాజాలో నల్లా తిప్పితే గండిపేట నీళ్లు వచ్చేవి. ఆ చెరువు 1920 నాటిది. పాలమూరు వైపు మా మేనమామ ఊళ్లో మాత్రం దిగుడు బావే గతి. మోకాళ్ల దాకా దిగి బిందె ముంచుకునేవాళ్లు. ఒక ఎండాకాలం మామ కుంటుతూ మా ఇంటికొచ్చాడు. చీలమండ దగ్గర బొబ్బ పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. వైద్యుడు దాన్ని అగ్గిపుల్లకు చుట్టాడు, రోజుకు రెండు వేళ్ల మందం. లాగితే తెగుతుంది, తెగితే కాలంతా చీము. మూరెడు పైనే ఉన్న ఆ పురుగు మొత్తం బయటికొచ్చేసరికి మామకు పొలం పని కాలం కాస్తా దాటిపోయింది.

అది లోపలికి పోయింది నిరుడు తాగిన నీళ్లతో. మంటకు తాళలేక రోగి కాలు బావిలో పెడతాడు, పురుగు వేల పిల్లల్ని అక్కడే వదులుతుంది, కంటికి ఆనీ ఆనని నీటి ఈగలు వాటిని మింగుతాయి, ఆ నీళ్లు ఊరంతా తాగుతుంది. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లు దీన్ని నారూ అనేవాళ్లు.

దీనికి మందూ లేదు, టీకా లేదు. మా అమ్మమ్మ తెల్ల ధోవతి గుడ్డ నాలుగు మడతలేసి బిందె మూతికి కట్టేది, అంతే. సర్కారు 1980లలో చేసిందీ దాదాపు అదే: నీళ్లు వడగట్టమంది, మెట్ల బావులు మూయించింది, బోరింగులు వేయించింది, బావుల్లో మందు చల్లించింది. దేశంలో చివరి కేసు 1996లో జోధ్‌పూర్ జిల్లాలో తేలింది. 2000లో మనకు ఈ పీడ విరగడైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 1986లో లోకం మొత్తం మీద 35 లక్షల మందికి ఉన్న రోగం 2023లో 14 మందికి మిగిలింది. గుడ్డపేలిక గొప్పతనం అది!

ఇప్పుడేమో గల్లీగల్లీకీ నీళ్ల క్యాన్లు, అన్నీ ఒకటే నీలం రంగు. లోపల పాచి పట్టిందా అని ఎవడూ చూడడు, రంగు చూసి తాగడమే. “తాతా, ఇంట్ల ఫిల్టర్ ఉంది గదా” అంటాడు మనవడు. దాని క్యాండిల్ ఎప్పుడు మార్చావురా అంటే నోరు పెగలదు. ఫోను మార్చిన తేదీ అడగండి, టక్కున చెప్తాడు.