ఎందుకుగారు

మా జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరుగారికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. పే స్లిప్పు మీద తప్ప అదింకెక్కడా కనిపించదు. ఆపరేటర్ల దగ్గర్నుంచి క్యాంటీన్ కుర్రాడి దాకా అందరికీ ఆయన ఎందుకుగారే. ఏ వర్క్‌షాపుకి వెళ్లొచ్చినా మమ్మల్ని కూర్చోబెట్టి, "చెప్పింది గుడ్డిగా చెయ్యకండి. ఆలోచించండి. ప్రశ్నించండి. నన్నైనా సరే!" అంటారు. ఆ చివరి మాట దగ్గర కుడిచెయ్యి గుండె మీద వేసుకుంటారు. మేమంతా నోటుబుక్కుల్లోకి చూస్తాం. "డౌట్లేం లేవుగా? గుడ్" అని ఆయనే మీటింగ్ ముగించేస్తారు.

ఒకసారి ఎడ్వర్డ్ డిబోనో 1985లో రాసిన ఆరు టోపీల పుస్తకం ఆయన చేతికి చిక్కింది. అందులోవి ఊహలో పెట్టుకునే టోపీలు. మా సారు కోఠీ నుంచి నిజం టోపీలే తెప్పించారు. పసుపు టోపీవాళ్లు లాభాలు చెప్పాలి, నల్ల టోపీవాళ్లు లోపాలు ఎత్తిచూపాలి. నల్లది కొత్తగా చేరిన ట్రైనీ నెత్తిన పడింది. పాపం, టోపీకి న్యాయం చేశాడు: కొత్త షెడ్యూల్లో మెషిన్ కడగడానికి టైమే లేదన్నాడు. "శభాష్! ఇదీ నాక్కావాల్సింది" అన్నారు ఎందుకుగారు. సోమవారం నుంచి కుర్రాడికి నైట్ షిఫ్ట్. తర్వాతి మీటింగులో పసుపు టోపీ కోసం తోపులాట జరిగింది.

ఆయన అసలు ప్రతిభ చూడాలంటే మాత్రం ఏదైనా బ్యాచ్ చెడిపోవాలి. టయోటా ఇంజనీరు తైఇచి ఓనో ప్రసిద్ధం చేసిన ఐదు 'ఎందుకు'ల పద్ధతి ఆయనకు కంఠోపాఠం. 1978లో వచ్చిన పుస్తకంలో ఓనో ఇచ్చిన ఉదాహరణ ఇదీ: మెషిన్ ఎందుకాగింది? లోడెక్కువై ఫ్యూజు పోయింది. అదెందుకు? బేరింగుకి నూనె అందలేదు. నూనె పంపు సరిగా లాగలేదు. దాని షాఫ్టు అరిగింది. ఐదోసారి అడిగితే తేలింది: జాలీ లేక లోహపు రజను లోపలికి పోయిందని. ఐదు ప్రశ్నల్లోనూ ఒక్క మనిషి పేరు రాలేదు.

మొన్న వానాకాలంలో మా మాత్రలు, పొడిని నొక్కే పంచ్‌లకు అంటుకుపోయాయి. ఎందుకుగారు మార్కర్ మూత తీశారు.

"ఎందుకు అంటుకున్నాయి?"

"పొడిల తేమ ఎక్కువుంది సార్."

"ఎందుకు?"

"రూమ్‌లనే తేమ ఎక్కువుంది సార్."

"ఎందుకు?"

"తేమ గుంజే మెషిన్ ఖరాబైంది సార్."

"ఎందుకు బాగుచేయించలేదు?"

"మెయింటెనెన్సోళ్లు ఫైల్ వెట్టిన్రు సార్. సంతకం కాలే."

ఇక ఐదోది మిగిలింది. ఆ ఫైలు ఎవరి టేబుల్ మీద, తిరుపతి లడ్డూ డబ్బా కింద నిద్రపోతోందో అందరికీ తెలుసు. ఎందుకుగారు మార్కర్ మూత పెట్టి, "టీ తాగొద్దాం పదండి" అన్నారు. టీ అయ్యాక ప్రశ్న దారి మార్చుకుంది: అంత తేమ ఉంటే ఆపరేటరు చూసుకోవద్దా? గంటగంటకీ ఆ తేమని లాగ్‌బుక్కులో రాసిపెట్టింది ఆ ఆపరేటరే. అయినా రిపోర్టులో మూలకారణం: మానవ తప్పిదం. దిద్దుబాటు: ఆపరేటరుకు మళ్లీ శిక్షణ. మావాళ్లకు అయినన్ని శిక్షణలు ఐపీఎస్‌లకు కూడా అయి ఉండవు.

ఆయన్నొక్కణ్నీ అని లాభం లేదు. ఎండీగారి ఫోనొస్తే ఎందుకుగారు లేచి నిలబడి మాట్లాడతారు. అటునుంచి 'ఎందుకు' అని రాదు, 'ఎవరు' అనే వస్తుంది. ఎవరిదో ఒకరి పేరు ఇవ్వకపోతే ఆ ఖాళీలో తన పేరే పడుతుందని ఆయన భయం.

టయోటాలో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపించవచ్చని ఎక్కడో చదివి, ఈమధ్య ప్యాకింగ్ హాల్లో ఎర్ర తాడొకటి కట్టించారు. కొబ్బరికాయ కొట్టారు. స్ట్రిప్పుల్లో మాత్రల్లేని గళ్లు కనిపించి, మొదటిరోజే ఒకామె లాగింది. బెల్లు మోగింది. ఎందుకుగారు రొప్పుతూ వచ్చి అడిగిన మొదటి మాట: "ఎవరు లాగింది?"

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. లైను ఆగడానికి మూలకారణం: తాడు చేతికందే ఎత్తులో ఉండటం. దిద్దుబాటు: మూడడుగులు పైకి కట్టించడం.