మోటరు వాక్యం: సటీకా తాత్పర్యం

మూలం: “మోటర్ మీద మీ పెత్తనమేంది సార్?”

అవతారిక: గోదావరిని ఎల్లంపల్లి నుంచి శామీర్‌పేట దగ్గరి ఘన్‌పూర్ రిజర్వాయర్ దాకా తేవడం సర్కారు వంతు. సుచిత్రలో ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో సంపు నుంచి పై ట్యాంకుకు ఎక్కించడం వాచ్‌మన్ వంతు. రెండోదే కష్టం. ఎవరికి తోచినప్పుడు వాళ్లు మోటరు వేయగా ట్యాంకు పొంగి మెట్ల మీదుగా దిగిందని, ప్రెసిడెంటు గారు స్టార్టర్ డబ్బాకు తాళం వేయించారు. మర్నాడు పొద్దున షాంపూ నురగ తలతో తలుపు తీసి 402 ఆంటీ సెలవిచ్చిన వాక్యమిది.

ప్రతిపదార్థం: మోటర్ మీద = మోటరు విషయంలో (దాని మీద ఎవరూ కూర్చోలేదు కనుక); మీ = ‘నీ’ అనబోయి ఆగినది; ఏంది = ప్రశ్న కాదు, నిషేధం. ఇది తెలియక ప్రెసిడెంటు గారు జవాబు చెప్పబోవడంతోనే గొడవ ముదిరింది. సార్ = గౌరవవాచకం; విపరీతలక్షణ చేత తిట్టు.

పాఠాంతరం: మూడో అంతస్తు భీమవరం వాళ్లు ‘ఏంటండీ’ అని పఠిస్తారు. అర్థభేదం లేదు, కాక తక్కువ.

టీక: ఇక పెత్తనము. పెద్ద + తనము. నడుమ ‘ద్ద’ జారిపోయింది. దానితోపాటు పెద్దల్లో ఉండవలసిందేదో కూడా జారిందని లోకానుభవం. అందుకే పెద్దరికాన్ని ‘నిలబెట్టుకుంటాం’, పెత్తనాన్ని ‘చెలాయిస్తాం’. మొదటిది ఎదుటివాళ్లు ఇస్తే వచ్చేది, రెండోది ఎవరూ ఇవ్వకపోయినా ఆగనిది.

శంక: ‘అధికారం’ అంటే సరిపోదా? పోదు. ఆ మాట వ్యాకరణంలో పాణినిది. అష్టాధ్యాయి మూడో అధ్యాయం మొదట ఒక్క మాటతో మొదలైన ప్రత్యయాధికారం అయిదో అధ్యాయం చివరిదాకా నడుస్తుంది. మధ్యలో మళ్లీ చెప్పే పని లేదు. మన ప్రెసిడెంటు గారి పదవీ అంతే. ఒకసారి ఎన్నికయ్యారు, తర్వాత ఎవరూ పోటీకి రాక అనువృత్తి. మీమాంసకుల దారి వేరు: ఫలం అనుభవించేవాడే కర్మకు అధికారి. ఆ లెక్కన స్నానం చేసే ప్రతివాళ్లకూ మోటరు మీద అధికారముంది. ఉమ్మడి సదుపాయాలు అందరివీ అనే 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టమూ ఆంటీ పక్షమే, ఆమె దాన్ని చదవలేదు గానీ.

పోనీ ‘అజమాయిషీ’? ఫార్సీలో ఆజ్మాయిష్ అంటే పరీక్ష. రెవెన్యూ వాళ్లు చేను గట్టున నిలబడి, ఏ పంట ఉందో కళ్లారా చూసి అడంగల్‌తో సరిపోల్చుకోవడం అజమాయిషీ. మోకాళ్ల నొప్పుల వల్ల సార్ ఏనాడూ ట్యాంకు దగ్గరికి ఎక్కలేదు. కాబట్టి అదీ పొసగదు. ‘హుకుం’ అరబ్బీ మాట, వాట్సాప్ గ్రూపులో పొద్దుకోటి పడుతూనే ఉంటుంది; దానికి ట్యాంకు నిండదు. పెత్తనమే సాధువు.

తాత్పర్యం: ఓ ప్రెసిడెంటు గారూ! మెయింటెనెన్స్ మేమూ కడుతున్నాము. పొంగించినది 301 వారు కాగా, మా నల్లా ఎండగట్టుట ఏమి మర్యాద? వచ్చే మీటింగులో మిమ్ము దింపెదము అని భావము. (ఆ మీటింగుకు కోరం ఉండదని ఇరుపక్షాలకూ తెలుసు.)

విశేషం: ఇంతకీ తాళంచెవి సార్ దగ్గర లేదు. వాచ్‌మన్ భార్య కొంగుముడిలో ఉంది. సార్‌తో వాదం ముగిశాక ఆంటీ తువ్వాలు చుట్టుకుని సెల్లారుకు దిగారు. తనకన్నా ఎన్నో ఏళ్లు చిన్నదైన ఆమెను “అక్కా, జర పది నిమిషాలు మోటరెయ్యరాదే” అని అడిగారు. పెద్ద + తనము అనే వ్యుత్పత్తి అక్షరాలా కుదిరే ప్రయోగం ఇదొక్కటే. అక్క తలెత్తకుండా “ఆగున్రి” అంది. అంట్లు తోమడం అయ్యాక వేసింది.