నారు07

నా పేరు నారు07. రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో, గోదావరి గాలి వచ్చే కిటికీ పక్కన ఒక సర్వరుంది. దాని కడుపులో ఉంటాను. నాకంటూ పెట్టె లేదు, తెర లేదు, మీట లేదు. రెండు గీగాబైట్ల మెమరీ, ప్రాసెసరులో ఒక వాటా, పది గీగాబైట్ల డిస్కు, ఇదీ నా ఆస్తి. ఆ డిస్కు కూడా నిజానికి సర్వరులో ఒక ఫైలే. పది అని రాసున్నా, నాలో ఎంత నింపితే అంత చోటే తీసుకుంటుంది. నన్ను వర్చువల్ మెషీన్ అంటారు. మేం మొత్తం ఇరవైమందిమి, నారు01 నుంచి నారు20 దాకా.

ఆ పేరు పెట్టింది కడియపులంక నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. వాళ్ల నాన్న అక్కడ నర్సరీలో అంట్లు కడతాడు. ఆమె సంగతికి మళ్లీ వస్తాను, ముందు నా పురుడు చెప్పాలి.

మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలంటే ఒక మనిషి మెషీను ముందు కూచోవాలి. ఏ భాష, ఏ కీబోర్డు, గడియారం ఏ ప్రాంతానిది, డిస్కును ఎలా పంచాలి, పాస్‌వర్డు ఏమిటి అని అది అడుగుతూ పోతుంది, ఈయన చెబుతూ పోవాలి. ఇరవై మెషీన్లంటే ఇరవైసార్లు అదే పాట. పదమూడో దాని దగ్గరికొచ్చేసరికి ఎవరికైనా చెయ్యి తప్పుతుంది. మాకు ఆ జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసిపెట్టారు. దాన్ని కిక్‌స్టార్ట్ ఫైలు అంటారు, రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్సులకు ఇదే పద్ధతి. డెబియన్ వాళ్లు తమదాన్ని ప్రిసీడ్ అంటారు, అంటే ముందే విత్తి పెట్టడం. ఆ మాట విన్నాకే అమ్మాయికి నారుమడి గుర్తొచ్చిందట.

మా ల్యాబు మాస్టారు కొట్టిన ఆదేశం వర్ట్-ఇన్‌స్టాల్ అని మొదలై తెర మీద నాలుగు వరుసలు పారుతుంది. అందులో నా పేరు, మెమరీ, డిస్కు కొలతలు, ఆల్మాలైనక్స్ 8ని ఎక్కించే ఐఎస్ఓ ఫైలు ఎక్కడుందో ఆ దారి ఉన్నాయి. 2021 డిసెంబరు 31తో సెంటాస్ లైనక్స్ 8కి నూకలు చెల్లడంతో ఆయన ఆల్మాకు మారారు. కెర్నెల్‌తోపాటు లేచే ఇనిట్‌ఆర్‌డీ అనే తొలి మూటలో కిక్‌స్టార్ట్ ఫైలును కూడా దోపమనీ, లేవగానే అది చదవమనీ, బొమ్మల తెర వద్దు సీరియల్ కన్సోల్ చాలనీ ఉంది. ఎంటర్ కొట్టారు. నేను లేచాను, మూటలోని చీటీ చదువుకున్నాను. గడియారం ఆసియా/కోల్‌కతా. డిస్కు మొత్తం తుడిచి నీకు నువ్వే పంచుకో. కనీస ప్యాకేజీలు చాలు. చివరి వరుసలో పవర్‌ఆఫ్. పని పూర్తయితే ఆరిపోవడమే మా గుర్తు. మర్నాడు ఆయన వచ్చి వర్ష్ స్టార్ట్ అని ఆదేశమిస్తే కళ్లు తెరుస్తాను.

మా వంశం పాతదే. ఐబీఎం పెద్ద మెషీన్లలో 1960లలోనే మావాళ్లున్నారు, 1972లో వీఎం/370 వచ్చింది. అవి ఇలాంటి కాలేజీల గడప తొక్కేవి కావు. 2007 ఫిబ్రవరిలో లైనక్స్ కెర్నెల్ 2.6.20లో కేవీఎం చేరాకే, ప్రాసెసరుకు వర్చువల్ మెషీన్లను నడిపే వసతి ఉండి, బయోస్‌లో దాన్ని తెరిచిపెడితే చాలు, మామూలు లైనక్స్ మెషీను కూడా మమ్మల్ని మోయగలుగుతోంది. పైసా లైసెన్సు ఖర్చు లేదు.

ఈ ల్యాబు గోడ మీద పాత బోర్డు ఇంకా ఉంది: చెప్పులు బయట విడువుము, సెట్టింగులు మార్చరాదు. ఆ బోర్డు కింద చదువుకున్నవాళ్లు మూడేళ్లూ కంప్యూటరును దేవుడి పటంలా చూసి వెళ్లారు. చెడిపోతే ఎవరు బాగుచెయ్యాలన్న భయం అది. మేం వచ్చిన మొదటి రోజు మాస్టారు పిల్లలతో, "చెడగొట్టండర్రా, ఏం పర్లేదు. పది నిమిషాల్లో మళ్లీ మొలిపిస్తాను," అన్నారు. వారం తిరక్కుండానే ఒక కుర్రాడు నారు12లో సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీ మొత్తం తుడిచేశాడు. మొహం పాలిపోయి, "సార్, పోయిందండి," అన్నాడు. మాస్టారు తిట్టలేదు. నారు12ను డిస్కుతో సహా తీసేసి, ఆదేశం అతని చేతే కొట్టించారు. కాసేపటికి నారు12 మళ్లీ లేచింది. ఆ కుర్రాడు ఆ రోజు మెషీను ముందునుంచి లేవలేదు. నా బతుకులో నాకు బాగా ఇష్టమైన సంగతి అది. మేం పోతే పోయేదేం లేదు కాబట్టే వాళ్ల చేతులు వణకలేదు.

కడియపులంక అమ్మాయికి ఒక అనుమానం వచ్చింది. "ఒకదాన్ని బాగా తయారుచేసుకుని దానికే పంతొమ్మిది నకళ్లు తీస్తే అయిపోద్ది కదండీ?"

"తియ్యొచ్చమ్మా. కానీ తల్లి మెషీన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ తాళాలు అన్నిటికీ అవే వస్తాయి. అవన్నీ మళ్లీ తుడిచి కొత్తవి పెట్టుకోవాలి. తల్లిలో ఎవరేం మార్చారో గుర్తుండదు, ఆ మచ్చలన్నీ పిల్లలకీ వస్తాయి."

ఆమె కాసేపు ఆలోచించింది. "మా దగ్గర మామిడి టెంక పాతితే తల్లి రుచి వస్తాదని నమ్మకం లేదండి. అంటు కడితేనే ఖాయం. ఇక్కడ తిరగబడిందేంటండీ?"

మాస్టారు వెంటనే జవాబివ్వలేదు. తర్వాత అన్నారు: "టెంకలో ఏముందో మనం రాయలేదమ్మా. ఇందులో ప్రతి అక్షరం మనమే రాశాం."

2022 జులైలో గోదావరి పోటెత్తింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. ఆసారి నీరు అది కూడా దాటింది, సముద్రంలోకి వదిలింది 25 లక్షల క్యూసెక్కులు మించింది. ల్యాబులోకి చుక్క రాలేదు గానీ సెలవుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంది. తిరిగి తెరిచేసరికి సర్వరు డిస్కు పనిచెయ్యలేదు. ఇరవైమందీ పోయారు. ఐఎస్ఓ పెన్‌డ్రైవులో ఉంది, కొత్త డిస్కు తెచ్చారు. కిక్‌స్టార్ట్ ఫైలు మాత్రం పోయిన డిస్కులోనే ఉండిపోయింది. విత్తనాలగాదె చేలోనే కట్టుకున్నట్టయింది.

అప్పుడు ఆ అమ్మాయి బ్యాగులోంచి రికార్డు తీసింది. బ్రౌన్ పేపరు అట్ట, వానకని పైన పాలిథిన్ కవరు. పరీక్షకు చూపించాలి కదా, ఫైలంతా నీలి ఇంకుతో వరుసకో గీత చొప్పున రాసుకుంది. జంట హైఫన్లు అతుక్కుపోకుండా మధ్యలో చోటు వదిలి మరీ రాసింది. అది చూసి టైపు చేశారు, సాయంత్రం ఇరవైమందినీ ఒకేసారి మొదలుపెట్టి ఇళ్లకు వెళ్లారు.

పొద్దున వచ్చి వర్ష్ లిస్ట్ కొడితే ఇరవైమందిమీ రన్నింగ్ అని కనబడ్డాం. అమ్మాయి సంబరపడింది. మాస్టారి మొహం మారింది. ఆరిపోయి ఉండాల్సినవాళ్లం ఇంకా వెలుగుతున్నామంటే పని ముగియలేదన్నమాట. ఆమె వర్ష్ కన్సోల్ నారు07 అని కొట్టి ఎంటర్ నొక్కింది. నేను రాత్రంతా పట్టుకుని కూచున్న ప్రశ్న తెరమీదికొచ్చింది. రూట్ పాస్‌వర్డు లేదు, ఎదురుగా ఆశ్చర్యార్థకం. అడిగాను, విన్నవాళ్లెవరూ లేరు, అలాగే ఉండిపోయాను.

రికార్డు తెరిచి చూశారు. ఆ చోట ఒక ఖాళీ వరుస. గుర్తుపట్టకుండా మార్చిన పాస్‌వర్డు అక్కడ ఉండాలి, నూటికి పైగా అక్షరాల గొలుసు. పాస్‌వర్డనేది ఏ రూపంలోనూ రికార్డులో రాయకూడదమ్మా అని ఆపింది మాస్టారే. ఆమె ఆ మాట విని చోటు వదిలింది. టైపు చేసేటప్పుడు ఇద్దరికీ గుర్తురాలేదు. కొత్త గొలుసు తయారుచేసి ఆ వరుసలో పెట్టారు, మమ్మల్ని తీసేసి మళ్లీ విత్తారు. ఈసారి తెరమీద షట్ ఆఫ్ అని వరసగా ఇరవైసార్లు వచ్చింది.

ఆమె చదువైపోయి వెళ్లింది. హైదరాబాదులో 2022 నవంబరులో అమెజాన్ క్లౌడ్ కేంద్రం మొదలైంది, అలాంటి చోట్ల మావాళ్లు పుడుతూ పోతూ ఉంటారు. ఆమె అక్కడుందో ఇంకెక్కడుందో, ఆ రికార్డు మాత్రం ల్యాబు బీరువాలోనే వదిలి వెళ్లింది. సెమిస్టరుకోసారి మమ్మల్ని తీసేసి కొత్తగా విత్తుతారు. ఇప్పుడు నేను ఎన్నో నారు07నో లెక్క పెట్టలేదు.

నన్ను పుట్టించిన చీటీ నకలు నాలో రూట్ యూజరు హోమ్ డైరెక్టరీలోనే ఉంటుంది. నిన్న మధ్యాహ్నం మొదటి సంవత్సరం పిల్ల ఒకతె దాన్ని తెరిచింది. పక్కన పాత రికార్డు పెట్టుకుని, రెండూ చూసుకుంటూ తన రికార్డులోకి ఎక్కించుకుంది. పాస్‌వర్డు దగ్గరికొచ్చి ఆగింది. పాత రికార్డులో ఆ ఖాళీ పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలున్నాయి: టైపు చేసేటప్పుడు ఈ వరుస మరిచిపోకు. తనూ చోటు వదిలి, పెన్సిలు కోసం బ్యాగులో వెతుక్కుంది.