పెట్టె ఎక్కడ దిగుతది?

సూర్యాపేట బస్టాండులో బ్యాగును డిక్కీలో పెట్టిన మనిషి, హైదరాబాద్ వచ్చేదాకా బస్సు ఎక్కడ ఆగినా కిటికీలోంచి మెడ బయటపెట్టి చూస్తూనే ఉంటాడు. డిక్కీ ఎవడు తెరిచాడో, ఎవరిది దించుతున్నాడోనని. మధ్యలో టీ తాగడానికి దిగినా ఒక కన్ను అక్కడే. అదే మనిషి శంషాబాద్‌లో 23 కిలోల పెట్టెలు రెండు బెల్టు మీద పెట్టేసి, కౌంటర్లో అమ్మాయి ఇచ్చిన స్టిక్కరు ముక్కను చదవకుండానే జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోతాడు. ఎల్బీనగర్ దాకా లేని నమ్మకం ఏడు సముద్రాలు దాటడానికి మాత్రం ఎక్కడి నుంచి వస్తుందో!

ఆ నమ్మకానికి ముందు జరిగే తతంగం చూడాలి. కూతురి పురిటికి అమెరికా పోయే కోదాడ అమ్మానాన్నల ఇంట్లో వారం ముందు నుంచే కాంటా దిగదు. మిర్యాలగూడలో బావమరిది ఉంటే మరీ మంచిది, రైసుమిల్లు కాంటా ఎక్కించి 22 కిలోల 900 గ్రాములని తేల్చి పంపిస్తాడు. ఆవకాయ సీసాకు మూత, మూతకు టేపు, టేపు మీద కవరు, కవరు చుట్టూ పాత చీర. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో ఇంటిపేరు, ఊరు, మండలం. చికాగోలో దొరికినవాడు మునగాల మీదుగా వచ్చి ఇచ్చిపోతాడని కాబోలు.

ఇంతకీ లోపల ఏముంటుంది? ఒడిబియ్యం. పసుపు కలిపిన బియ్యం, కుడకలు, ఖర్జూరాలు, పోకలు. కుడక మనకు శుభం. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో మాత్రం ఎండుకొబ్బరికి 1363 అని నంబరుంది, తనంతట తానే వేడెక్కి అంటుకునే వాటి వరసలో. బియ్యం సంగతి ఇంకా అన్యాయం. ఖప్రా అనే పురుగుకు భయపడి, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా 2011లోనే ఆపేసింది. ఆ దేశాల్లో మనదీ ఉంది. పచ్చి కరివేపాకుకు నిమ్మజాతి చెట్ల తెగులు అడ్డం. సోనామసూరి కంటైనర్లలో పోయి డాలస్ దుకాణంలో బస్తాలకు బస్తాలు దొరుకుతుంది గానీ, అమ్మ కొంగులో కట్టిన రెండు సోలలకు దారి లేదు.

బరువు గ్రాములతో సహా తెలిసిన ఆ ఇంట్లో, పెట్టె ఎక్కడ దిగుతుందో తెలిసినవాళ్లు ఉండరు. సాగనంపడానికి రెండు బండ్లలో వచ్చిన చుట్టాల్లో ఒక్కరూ పెట్టె పిడికి చుట్టిన పట్టీ మీది మూడు పెద్దక్షరాలు చదవరు. విమానం వాళ్లు పెట్టెను చేర్చేది ఆ అక్షరాల ఊరికే. డీఎఫ్‌డబ్ల్యూ అంటే డాలస్, ఓఆర్‌డీ అంటే చికాగో. ఐఎన్‌డీ అని ఉంటే ఇండియాకే తిప్పి పంపుతున్నారని గాబరా పడొద్దు, అది ఇండియానాపొలిస్.

అంతా ఒకే టికెట్ అయితే దోహాలోనో దుబాయ్‌లోనో పెట్టె ఊసెత్తే పని సాధారణంగా ఉండదు. చవగ్గా వచ్చిందని అల్లుడు రెండు ముక్కలుగా, రెండు పీఎన్‌ఆర్‌లతో కొన్నాడా, మొదటి విమానం వాడు నడిమి ఊళ్లోనే చేతులు దులుపుకోవచ్చు. బయటికి పోయి పెట్టె తెచ్చుకుని మళ్లీ అప్పజెప్పాలి. బయటికి పోవాలంటే ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు. అల్లుడికి మిగిలిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు.

అమెరికా తిరకాసు వేరు. పట్టీ మీద డాలస్ అని ఉన్నా, మొదట దిగిన ఊళ్లో పెట్టె మనమే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ బెల్టు మీద వేయాలి. అబుదాబిలో 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని తనిఖీ ముగిస్తున్నారు గనక ఆ దారిన పోయినవాళ్లకు ఈ బాధ లేదు. మా కోదాడ బాబాయి ఆ దారిన పోలేదు.

"బ్యాగులు తీస్కోవాలె గదా?" అంది పిన్ని చికాగోలో.

"ఏమొద్దు. డాలస్ దాకా ఏసిన్రు. అవే వస్తయ్, నువ్వు నడువు."

బాబాయి నడిచాడు, పెట్టెలు బెల్టు మీద తిరుగుతూ ఉండిపోయాయి. 2024లో ప్రపంచమంతా కలిపి వెయ్యికి ఆరు చిల్లర పెట్టెలు దారి తప్పాయనీ, అన్నిటికంటే పెద్ద వాటా విమానం మారే చోటిదేననీ విమానయాన ఐటీ సంస్థ సీటా లెక్క. అందులో బాబాయిలాంటి వాళ్ల వాటా ఎంతో ఆ లెక్క రాసినవాళ్లకే తెలియాలి.

పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు నమోదు చేయించుకోవాలి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, మన దేశం అందులో 2009లో చేరింది, 21 రోజులకూ రాని పెట్టె పోయినట్టే లెక్క. కోదాడలో అదే 21వ రోజున బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెడతారు. పరిహారం మనిషికి, అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ఎస్‌డీఆర్ అనే కొలతలో, 1,519 దాకా, అంటే లక్షన్నర రూపాయల పైమాటే. కాకపోతే లోపల ఏమున్నాయో, ఎంత విలువో రాసివ్వాలి.

ఫారం నింపడానికి అల్లుడు కూర్చున్నాడు. ఆవకాయ, 4 కిలోలు. విలువ?

"మామిడికాయల రేటు రాస్తరా బాబూ, నా చేతి రేటు రాస్తరా?" అంది పిన్ని.

తరవాతి వరస ఒడిబియ్యం. అల్లుడు కలం మూత పెట్టేశాడు. అది రాస్తే పెట్టె పోయిన కేసు కాస్తా పెట్టె తెచ్చిన కేసు అవుతుంది.